బాతుల నైటీలో దక్షిణానికి

ఆర్విల్ పెల్కీ ఉద్యోగం నుంచి దిగిపోయిన మర్నాడు, ఇంట్లో ఉన్న తన ప్యాంట్లన్నీ పడవల రేవుకి మోసుకొచ్చి ఇనప పీపాలో వేసి తగలబెట్టాడు. ఉన్ని కోట్లు, లోపల తొడుక్కునే పొడుగు బనీన్లు, చేతి తొడుగులు, చివరికి పెళ్ళినాటి సూటు కూడా అందులోకే వెళ్ళాయి.

"నలభై ఏళ్ళు ఈ మెయిన్ రాష్ట్రం రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాను. ఇంక చచ్చేదాకా నా మోకాళ్ళకి బట్ట తగలనివ్వను. ఇవాళ్టి నుంచీ నిక్కరే!" అని రేవులో నిలబడ్డ మా అందరి ముందూ ప్రమాణం చేశాడు.

అతని భార్య డెల్లా పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బడిపిల్లలకి వంట చేసిపెట్టిన మనిషి ఆవిడ. చేతిలో గరిటె లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది.

"నీ బట్టలు నీ ఇష్టం. నా పెట్టె జోలికొచ్చావంటే మాత్రం ఆ పీపాలోకి నువ్వే దిగుతావు," అంది.

ఏటా చలి ముదరకముందే మాలాంటి రిటైరైన వాళ్ళం పడవలు వేసుకుని, తీరం వెంబడి కాలవల్లోంచి, నదుల్లోంచి దక్షిణాన వెచ్చగా ఉండే ఫ్లోరిడాకి దిగిపోతుంటాం. ఆ ఏడు పెల్కీ దంపతులు కొత్తగా మాలో చేరారు. వాళ్ళది నీలం రంగు పాత మోటారు పడవ. పేరు 'ఇంక చాలు'. ఆ పడవకి లోపల ఒక స్టీరింగు, పైన ఆరుబయట ఒక స్టీరింగు ఉండేవి. ఆర్విల్ లోపలిది ఊడబెరికి, ఆ చోట ఐసు తయారుచేసే మిషను బిగించాడు.

"ఎండలో వెళుతూ లోపల కూర్చుని నడిపే దద్దమ్మ ఎవడు?" అన్నాడు.

"వానొస్తేనో?" అంది డెల్లా.

"ఫ్లోరిడాలో వాన కూడా వెచ్చగానే ఉంటుందే."

ఫ్లోరిడా సంగతి దేవుడెరుగు, మధ్యలో డజను రాష్ట్రాలున్నాయని అతనికి తట్టలేదు.

ఆ ఏడు చలి మమ్మల్ని సాగనంపి ఇంటికి పోలేదు. పెళ్ళికి పిలవని చుట్టంలా వెంటే బయల్దేరింది. మేం ఎంత కిందకి దిగితే అదీ అంత కిందకి దిగింది. న్యూజెర్సీలో తాళ్ళు గడ్డకట్టి కర్రల్లా నిలబడ్డాయి. వర్జీనియాలో తెల్లారి లేచి చూస్తే పడవల మీద నూగుమంచు. మేమందరం ఉన్నవన్నీ తొడుక్కుని గోనెసంచుల్లా తయారయ్యాం. ఆర్విల్ ఒక్కడే పువ్వుల చొక్కా, పసుపు నిక్కరు వేసుకుని పైన కూర్చునేవాడు. అతని మోకాళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తరవాత నీలమయ్యాయి, ఆపైన ఏ రంగో చెప్పడం మా వల్ల కాలేదు.

మా గుంపులో క్లైడ్ హాస్కిన్స్ అని ఒకడున్నాడు. రోజూ పొద్దున్నే, పడవల వాళ్ళమందరం మాట్లాడుకునే రేడియోలో వాతావరణం చదివి వినిపించడం అతని పని. అది అయిపోగానే, ఊళ్ళో మునసబు యోగక్షేమాలడిగినట్టు అడిగేవాడు.

"ఆర్విల్, మోకాళ్ళెలా ఉన్నాయి?"

"చెమటలు పట్టేస్తున్నాయి క్లైడూ!"

"పళ్ళు టకటకలాడుతున్న చప్పుడేంటి మరి?"

"ఐసు నములుతున్నా."

దారిలో ప్రతి ఊళ్ళోనూ బట్టల కొట్లున్నాయి. కానీ ముప్ఫై పడవల వాళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తుంటే ఆర్విల్ ప్యాంటు కొనడానికెలా వెళతాడు? ఒకసారి నార్ఫోక్‌లో రొట్టె తెస్తానని బయల్దేరి బట్టల కొట్టు గుమ్మందాకా వెళ్ళాడట. లోపల క్లైడ్ మేజోళ్ళు బేరమాడుతూ కనిపించాడు. అటునుంచి అటే తిరిగొచ్చేశాడు. రొట్టె కూడా తేలేదు.

నార్త్ కరోలినాలో ఒక తిన్నని, అంతులేని కాలవ ఉంది. రెండువైపులా చిత్తడి అడవి. ఉత్తరపు గాలి దాంట్లో గొట్టంలో ఊదినట్టు ఊదుతుంది. ఆ కాలవలో సగం దూరం వెళ్ళేసరికి ఆర్విల్ చేతులు వణికి పడవ పాములా మెలికలు తిరగడం మొదలెట్టింది. డెల్లా కిందనుంచి బీన్సు గిన్నె పట్టుకొచ్చి అతని వాలకం చూసింది. మళ్ళీ కిందకి దిగి, తన పెట్టెలోంచి పొడుగు చేతుల నైటీ ఒకటి తెచ్చింది. మందపాటి గులాబీ రంగు బట్ట, నిండా పసుపు బాతు పిల్లలు, మెడ దగ్గర కుచ్చులు.

"తొడుక్కో," అంది.

"ప్రమాణం చేశానే."

"ప్యాంటు తొడగనన్నావు. నైటీ తొడగనన్నావా?"

ఆర్విల్ కాసేపు ఆలోచించాడు. "మోకాళ్ళకి బట్ట తగలనివ్వనన్నానుగా?"

"ఇది నీ మోకాళ్ళకి తగలదు. నీ పొట్ట మీదనుంచి నేరుగా కిందకి జారుతుంది."

ఆ వాదనలో లోపమేమీ కనిపించలేదు అతనికి. నైటీ తొడిగాడు. చెవులకి చలేస్తోందంటే ఆవిడే తన ఊలు రుమాలు తలకి చుట్టి గడ్డం కింద ముడేసింది. అలా వెచ్చగా, చాలా రోజుల తరవాత ఈల వేసుకుంటూ, కాలవ చివరనున్న తెరుచుకునే వంతెన దగ్గరకొచ్చాడు.

వంతెన కాపలా గదిలోంచి రేడియోలో ఒకావిడ గొంతు వినిపించింది.

"నీలం పడవ అమ్మగారూ, కాస్త కుడిపక్కకి జరిగి ఆగండమ్మా. ఇప్పుడే తెరుస్తాను."

ఆర్విల్ ఒకసారి నైటీ వంక చూసుకున్నాడు. 'నేను అమ్మగారిని కాను' అంటే, మరి ఆ నైటీ ఏమిటని వెనకున్న ముప్ఫై పడవలూ అడుగుతాయి. అందుకని గొంతు సన్నం చేసి, ముక్కుతో అన్నాడు.

"అలాగేనమ్మా."

వెంటనే క్లైడ్ అందుకున్నాడు. "ఏం డెల్లా, గొంతుకేమైంది?"

"జలుబు చేసింది అన్నయ్యా."

డెల్లా క్లైడ్‌ని ఎన్నడూ అన్నయ్యా అని పిలిచిన పాపాన పోలేదు. కింద పొయ్యి దగ్గరున్న ఆవిడ చేతిలోంచి గరిటె జారిపోయింది.

అక్కణ్ణుంచి పొద్దున ఆర్విల్ ఆర్విల్‌గా చెమటలు పడుతున్నాయనేవాడు. పగలంతా డెల్లాగా వంతెనలు తెరిపించేవాడు. మా అందరికీ రెండోరోజుకే తెలిసిపోయింది. అయినా ఒక్కరమూ నోరు మెదపలేదు. చలికాలంలో ఇంతకన్నా కాలక్షేపం ఎక్కడ దొరుకుతుంది? పైగా డెల్లాగా ఉన్నప్పుడు అతను చాలా మర్యాదగా ఉండేవాడు. పక్కనుంచి దాటే పడవలకి "మీ పిల్లలు బాగున్నారా" అని కూడా అడిగేవాడు.

"ఊరందరి బాగోగులూ అడుగుతున్నావు, నా పేరు మీద," అంది డెల్లా ఒకరోజు. "ఒకసారి నన్ను కూడా అడగరాదూ?"

"నీకేమైందే?"

"ఏం కాలేదు," అని ఆవిడ గిన్నెలు గట్టిగా తోమడం మొదలెట్టింది. ఆర్విల్‌కి ఆ చప్పుడు అర్థం కాలేదు.

జార్జియాలో సముద్రం లెక్క వేరు. పోటు వచ్చినప్పుడు నిండుగా కనిపించే పాయలు, నీరు తీసిందంటే వట్టి బురద. అలాంటి ఒక పాయ మలుపులో, నీరు తీస్తున్న వేళ, వెనకనుంచి గాలి ఒక్కసారి విసురుగా వచ్చింది. బాతుల నైటీ గొడుగులా లేచి ఆర్విల్ తలకాయని మొత్తం కప్పేసింది. అతను దాన్ని కిందకి లాక్కునేలోపల పడవ మలుపు తిరక్కుండా తిన్నగా పోయి, బురద దిబ్బ మీదకి మెత్తగా ఎక్కి కూర్చుంది.

మళ్ళీ పోటు వచ్చేదాకా చేసేదేం లేదు. అయినా ఆర్విల్ ఊరుకోలేదు. లంగరు తీసుకెళ్ళి లోతు నీళ్ళలో వేస్తే పోటు రాగానే తాడు పట్టి లాగొచ్చని, దాన్ని చిన్న రబ్బరు పడవలో పెట్టుకుని, చేతి రేడియో మెళ్ళో వేసుకుని బయల్దేరాడు. లంగరు వేశాడు గానీ, తిరిగొచ్చేలోపల నీరు జారిపోయి రబ్బరు పడవ కూడా బురదలో దిగబడింది. దిగి నడుద్దామంటే నడుం లోతు బురద, దాంట్లో కత్తుల్లాంటి ఆల్చిప్పలు. పెద్ద పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. దాని కిటికీలో డెల్లా. రాయి విసిరితే తగిలేంత దూరంలో ఆర్విల్. కానీ గాలి హోరులో అరిచినా వినబడదు. మిగిలింది రేడియో ఒక్కటే.

వెనకొచ్చే పడవల్ని హెచ్చరించాలి కదా. డెల్లా రేడియో తీసుకుంది. ఒక్క క్షణం ఆగి, గొంతు బొంగురు చేసింది.

"అందరికీ నమస్కారం. నేను ఆర్విల్ పెల్కీని. మలుపులో బురదకెక్కాను. ఎవరూ ఇటు రాకండి. తప్పు నాదే. నేనొక మొండి వెధవని."

మా ఆవిడ పొయ్యి ఆపేసి రేడియో గొంతు పెంచింది.

బురదలోంచి సన్నటి గొంతు వినిపించింది. "ఆయన మాటలు పట్టించుకోకండి. నేను డెల్లాని. మా ఆయన వెధవేం కాదు. గాలి బలంగా వీచింది, అంతే."

"గాలి కాదు," అంది బొంగురు గొంతు. "లోపలి స్టీరింగు పీకి ఐసు మిషను పెట్టాను. నా మోకాళ్ళు గడ్డకట్టి నెలయింది. రాత్రిళ్ళు వేడినీళ్ళ సీసా పెట్టుకుని పడుకుంటున్నాను."

"అబద్ధం!" అంది సన్న గొంతు, కాస్త మొరటుగా. వెంటనే సర్దుకుంది. "అబద్ధమమ్మా."

"ఇంకో సంగతి. నా భార్యకి పడవ నడపాలని ఎంతో ఆశ. ఇంత దూరం వచ్చినా ఒక్కసారి కూడా నీ చేతికివ్వనా అని నేను అడగలేదు. దానికి బీన్సు ఉడకబెట్టడం, తాళ్ళు విసరడం తప్ప ఏమీ రాదనుకున్నాను."

మేం దూరంగా పడవలాపి దుర్భిణీలు తీసి చూశాం. బురద మధ్యన, గులాబీ నైటీలో, తల వంచుకుని కూర్చుని ఉన్నాడు ఆర్విల్. చివరికి రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మా ఆయన చెప్పడు గానీ నాకు తెలుసు," అన్నాడు డెల్లా గొంతుతో. "ప్రతి క్రిస్మస్‌కీ మంచు పడేది. మేజా మీద వంటకాలు అలాగే ఉండేవి, ఫోను మోగేది, ఆయన బండెక్కి పోయేవాడు. ఆయన వచ్చేసరికి నేనొక్కదాన్నీ తినేసి, గిన్నెలు కడిగేసి ఉండేదాన్ని. నలభై సార్లు. ఒక్క క్రిస్మసైనా నన్ను వెచ్చటి చోట కూర్చోబెట్టి, ఫోను మోగని చోట, ఇద్దరం కలిసి తినాలని ఆయన పడవ కొన్నాడు. ఆ చలి మీద కోపంతోనే ప్యాంట్లు తగలబెట్టాడు. బుర్ర తక్కువే, కాదనను."

మళ్ళీ బొంగురు గొంతు వినిపించింది. ఈసారి అంత బొంగురుగా లేదు.

"ఆ సంగతి నా భార్యకి ముందే చెప్పి ఉండాల్సింది."

"స్టీరింగు కావాలని మా ఆయన్ని నేను కూడా అడిగి ఉండాల్సింది."

"దానికి అడగడం ఇష్టం ఉండదు."

"ఆయనకి చెప్పడం చేతకాదు."

అందరికన్నా ముందు క్లైడే గొంతు సవరించుకున్నాడు. వాతావరణం చదువుతాడేమో అనుకున్నాం. "పొయ్యి మీద చేపల సూపుంది," అని మాత్రం అన్నాడు. "పోటు రాగానే తెస్తాను."

మధ్యాహ్నం తిరిగాక నీళ్ళు మెల్లగా తిరిగొచ్చాయి. రబ్బరు పడవ తేలీ తేలకముందే క్లైడ్ తన చిన్న పడవ వేసుకుని ఆర్విల్ పక్కకి చేరాడు. ఒడిలో సూపు గిన్నె, భుజం మీద మందపాటి ఉన్ని ప్యాంటు.

"ఇదిగో, తొడుక్కో."

ఆర్విల్ మొహం తిప్పుకున్నాడు. "ప్రమాణం చేశానయ్యా, అందరి ముందూ."

"ప్రమాణం చేసింది ఆర్విల్ కదమ్మా," అన్నాడు క్లైడ్ చాలా గంభీరంగా. "నువ్వు డెల్లావి. నీకేం అభ్యంతరం? తొడుక్కో చెల్లెమ్మా."

ఆర్విల్ ప్యాంటు వంక చూశాడు, క్లైడ్ వంక చూశాడు. పడవ ఊగిపోతుంటే రెండు కాళ్ళూ ఒకే కాల్లోకి దూర్చి, మళ్ళీ తీసి, నానా తంటాలూ పడి తొడుక్కున్నాడు. నడుం దగ్గర నైటీ లోపలికి దోపుకుని, "అమ్మయ్యా!" అన్నాడు సొంత గొంతుతో. ముప్ఫై పడవల హారన్లూ ఒక్కసారి మోగాయి. పాయలో ఉన్న కొంగలన్నీ లేచిపోయాయి.

మర్నాడు పొద్దున్న 'ఇంక చాలు' మా అందరికన్నా ముందు బయల్దేరింది. పైన స్టీరింగు దగ్గర డెల్లా ఉంది. ఆవిడకి పడవ నడపడం వచ్చో రాదో తెలీదుగానీ భయం మాత్రం బొత్తిగా లేదు. ఆర్విల్ రోజూ నడిపే వేగానికి రెట్టింపు వేగంతో పోతోంది. అది లేపిన అలలకి మా పడవలో కాఫీ కప్పులు రెండు పగిలాయి. మొదటి వంతెన దగ్గర కాపలావాడు దాన్ని పూర్తిగా తెరవకముందే సందులోంచి దూరిపోయింది. వంతెన పక్క కర్రలకి రాసుకుని కర్రుమని పెద్ద చప్పుడైంది. పడవ పక్కన ఉన్న నీలం రంగు బారెడు మేర వంతెనకే అంటుకుపోయింది.

కింద పొయ్యి దగ్గర బీన్సు కలుపుతున్న ఆర్విల్ తల బయటికి పెట్టాడు.

"ఏదో తగిలినట్టుందే?"

"ఏం తగల్లేదు," అంది డెల్లా వెనక్కి తిరక్కుండా.

ఆర్విల్ వంతెన మీది రంగు చూశాడు.

"సరే," అని లోపలికెళ్ళి బీన్సులో ఇంకాస్త ఉప్పు వేశాడు.