కొండ వైపు ముఖం

డోలీ తాడు ముడిని కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా బిగించి లాగాడు ఆయన. వెదురు బొంగుల్లో పగుళ్లు పడ్డాయేమోనని వేళ్లతో తడిమాడు. కుర్చీలో తానే కూర్చుని ఒకసారి ఊగి చూశాడు. లేచి, తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. ఆ భుజం మీద మోసి మోసి కాసిన నిమ్మకాయంత కాయ ఉంది. అది లేనప్పుడు తన భుజం ఎలా ఉండేదో ఆయనకు గుర్తులేదు.

పొద్దున్నే ఆయన, బామ్మర్ది కలిసి ఒక భారీ మనిషిని కొండ ఎక్కించి దించారు. ఆయాసపడాల్సిన వాళ్లు వీళ్లిద్దరైతే, దిగాక మంచినీళ్లు అడిగింది ఆ పెద్దమనిషి.

"ఈయన్ని మోశాక అక్క పువ్వులా ఉంటుంది బావా," అన్నాడు బామ్మర్ది.

కొండ నిండా అడవి. పైన వందల ఏళ్లనాటి బుద్ధుడి గుడి. నడవలేనివాళ్లను అక్కడికి మోసుకెళ్లి తీసుకురావడమే ఈ బావాబామ్మర్దుల బతుకుతెరువు. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా డోలీలో మనిషి ముఖం కొండ వైపే ఉండాలి. లోయ వైపు తిప్పితే కళ్లు తిరగడం సంగతి అటుంచి, మనిషే ముందుకు జారిపోతాడు. బరువంతా కింది వైపు వాడి మీద పడుతుంది కాబట్టి ఆ చోట వయసులో ఉన్నవాడు ఉంటాడు. పెళ్లయిన కొత్తలో ఆ చోటు ఆయనది, పై చోటు మామగారిది. మామగారు పోయాక ఆయన పై చోటుకి వచ్చాడు, బామ్మర్ది కింది చోటులో చేరాడు. ఆయన జన్మకి దక్కిన ప్రమోషన్ అదొక్కటే.

రెండో బేరం ఆయన భార్య.

కొండ కింద లాడ్జిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. జనం వస్తూనే ఉంటారు, దుప్పట్లు మాస్తూనే ఉంటాయి. కొండ ఎక్కడికి పోతుందిలే అంటూ గుడికి వెళ్లకుండానే ఏళ్లు గడిపేసింది. కొండ ఎక్కడికీ పోలేదు గానీ ఆమె ఓపిక పోయింది. గుండె పెద్దదైందని, ఇక ఎన్నాళ్లో చెప్పలేమని డాక్టరు అన్నాడు. "నా గుండె పెద్దదని ఈ డాక్టరుకి ఇప్పుడా తెలిసింది?" అంది బయటికొచ్చాక. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గుడికి వెళ్లాలన్న పట్టు ఆ రోజు నుంచే మొదలైంది. డాక్టరు కదలొద్దన్నాడు కదా అంటే, "నేను కూర్చునే వెళ్తాను. కదిలేది మీరిద్దరూ," అంది. ఆమెతో మాటల్లో నెగ్గినవాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు గుడ్డ కట్టారు. ఎక్కడం మొదలైంది. పై చోటు ఆయనది కాబట్టి దారంతా ఆమెకు కనిపించేది ఆయన వీపే.

"ఇన్నాళ్లూ ఈ కాయకి నూనె రాయడమే గానీ, ఇది పనిచేస్తుంటే చూడ్డం ఇదే," అంది.

"మాట్లాడకు, ఆయాసం వస్తుంది."

"మోసేది నువ్వు, ఆయాసం నాకా?"

కింద నుంచి బామ్మర్ది అందుకున్నాడు. "అక్కా, పైకెళ్లాక ఆరోగ్యం అడుగు. మొహమాటపడకు."

"అడగడానికి కాదురా, చెప్పుకోడానికి వెళ్తున్నా. మన నాన్నని, ఈయన్ని, నిన్ను ఈ కొండ రోజూ తన మీదికి ఎక్కించుకుంది. ఒక్క పూట కాలు జారనివ్వలేదు. సాయంత్రానికి ఎలా వెళ్లినవాళ్లని అలా ఇంటికి పంపింది. ఆ మాట ఒక్కసారైనా చెప్పకుండా పోతే బాగుంటుందా?"

నాచు పట్టిన మెట్ల మీద నాలుగు పాదాలు ఒకే లయలో పడుతున్నాయి.

గుడిలో చెక్క స్తంభాలు నల్లబడి ఉన్నాయి. రాతి బుద్ధుడి చేతివేళ్లు జనం తాకి తాకి అరిగిపోయాయి. ఆమె తన వేళ్లు చూసుకుంది. "పాపం, ఈయన కూడా దుప్పట్లు ఉతికాడేమో," అంది. పక్కనే ఉన్న ముసలి భిక్షువు ఆపుకోలేక నవ్వేశాడు.

ఆమె కళ్లు మూసుకుని నాలుగు మాటలేవో గొణిగింది.

"అంతేనా?" అన్నాడు ఆయన.

"మేలు మర్చిపోలేదని చెప్పా. దానికి పురాణం విప్పాలా?"

భిక్షువు ఆమె చేతిలో ఒక కమలాపండు పెట్టాడు.

దిగేటప్పుడు బామ్మర్ది ముందు, ఆయన వెనక నడవడంతో ఆమె ముఖం ఆయన ముఖానికి ఎదురుగా వచ్చింది. ఆయన భుజం మీదుగా గుడి కప్పు చెట్లలో కలిసేదాకా చూసింది. తర్వాత ఆయన్నే చూసింది. ఇంత కాపురంలోనూ వాళ్లు ఇంతసేపు ఎదురెదురుగా ఉన్నది లేదు. ఇంట్లో ఒకరు వస్తుంటే ఒకరు వెళ్లేవారు. ఆమె కనుబొమ్మ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉన్న సంగతి ఆయన మర్చేపోయాడు.

"ఏంటలా చూస్తావ్? మెట్లు చూసుకో," అని పండు ఒలవడం మొదలుపెట్టింది. తొక్క దారిలో పారేయకుండా కుర్చీ సందులో దోపింది. తీపి వాసన ఆయన ముఖానికి తగిలింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆఖరి దిగుడు నిటారుగా ఉంటుంది. డోలీ దించడానికి చోటు లేదు, పక్కనే లోయ. అక్కడి మలుపులో బతికున్న మనిషి ఎవరైనా, నిద్రలో ఉన్నా సరే, కొండ వైపు కాస్త ఒరుగుతారు. ఆ ఒరుగు మోసేవాడి భుజానికి తెలుస్తుంది. మలుపు వచ్చింది. ఆయన భుజానికి ఏమీ తెలియలేదు. తలెత్తి చూశాడు. ఆమె తల కుర్చీకి ఆని ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఆయన వైపే. రొమ్ము కదలడం లేదు.

నోటిదాకా వచ్చిన కేకను మింగేశాడు. కిందివాడు వెనక్కి తిరిగితే ముగ్గురూ లోయలోకే.

"అక్కా, పలకవేం? కునుకు పట్టిందా?" అన్నాడు బామ్మర్ది మెట్టు మీద నుంచి చూపు తిప్పకుండా.

"పడుకుంది. నువ్వు మెట్లు చూడు."

"అమ్మయ్య, కొండకి కూడా కాస్త విశ్రాంతి!"

ఆయన నవ్వాడు. వాడికి వినిపించేలా నవ్వాడు. కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నా తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. ఒక్కో మెట్టే దిగుతూ ఆ ముఖాన్నే చూశాడు. చెప్పాలనుకున్నది చెప్పి వచ్చింది, దారంతా నన్ను చూసుకుంది, చాలు అనుకున్నాడు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఆమెకే మనసులో పెట్టుకున్నాడు. ఈ ఒక్క పూట కూడా వాడి కాలు జారనివ్వకు అని ఆమెనే అడిగాడు.

నేల వచ్చింది.

"మెల్లగా దించరా," అన్నాడు. దించాక బామ్మర్ది భుజం మీద చేయి వేసి, కాసేపు అలాగే పట్టుకుని, అప్పుడు అక్క వైపు తిప్పాడు.

ఆమె ఒళ్లో పరిచిన చేతిగుడ్డ మీద, పీచంతా తీసిన కమలాపండు ఒక్క తొన కూడా తగ్గకుండా రెండే రెండు సమభాగాలుగా విడదీసి ఉంది.