వలలో సగం

నడినెత్తిన ఎండ. కులపెద్ద నరసయ్య ఎండు పుడక ఒకటి ముందుకు చాచాడు. ఒక కొస మొగుడు, ఒక కొస పెళ్లాం పట్టుకుని విరిస్తే చాలు, పద్దెనిమిదేళ్ల కాపురం తెగిపోతుంది. చిన్నపోలయ్య అప్పుడే తన కొస పట్టుకున్నాడు. ఎల్లుండే రెండో పెళ్లి మరి, తొందర ఉండదూ!

మాలకొండమ్మ పుడకను చూడలేదు. ఆమె చూపంతా ఇసుకలో ఆరేసిన వల మీదే ఉంది.

"చట్టీకుండలు, చేపలగంప నువ్వు తీసుకో. పడవ, వల మొగోడివి," అన్నాడు నరసయ్య. "మన కట్టుబాటు అదే గదమ్మా."

ఏం కట్టుబాటో! ఎండుచేపలు కోట సంతకు మోసి, నయాపైసలు కూడబెట్టి నూలు కొన్నది ఆమె. మూడేళ్లు కూర్చుని అల్లింది ఆమె, పక్కన కూతురు పోలేరమ్మ. వల పూర్తయిన ఏడే ఆ పన్నెండేళ్ల పిల్లను కలరా ఎత్తుకుపోయింది. నాలుగేళ్లయినా ఆ గొంతు తల్లిని వదల్లేదు. నీళ్లు తోడుతున్నా, గంప ఎత్తుతున్నా పక్కనే వినిపిస్తుంది: "అమ్మా, కండె అయిపోయింది. నూలియ్యి."

"పడవ వద్దు పెదనాయనా. వల్లో సగం నాది," అంది.

చిన్నపోలయ్య నవ్వాడు. "ఆడదానికి వల్లో బాగమేంది? సముద్రంలోకి పోయినావా నువ్వు?"

"నువ్వు పోయింది దేంతో?"

మాలకొండమ్మ వల ముందు కూర్చుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ పోయింది. ఒకచోట ఆగింది. ముడి జారుతుందేమోనని పోలేరమ్మ ప్రతి ముడీ రెండుసార్లు వేసేది, ఎంత చెప్పినా వినేది కాదు. వల ఎన్నిచోట్ల చినిగినా అక్కడ మాత్రం చినగలేదు.

"ఇది బిడ్డ చెయ్యి," అంది.

చిన్నపోలయ్య తల తిప్పుకున్నాడు. నరసయ్య మనసు కరిగింది. మొలలోని కత్తి తీసి ఇచ్చాడు.

"ఆ ముక్క కోసుకో తల్లీ. గుర్తుగా పెట్టుకో."

మూరెడు ముక్క. గుండెకు హత్తుకుని వెళ్లిపోవచ్చు. ఎంత ఆశ పుట్టిందో! కత్తి అంచును ముడి దగ్గరికి తెచ్చింది. చెవి పక్కన మళ్లీ అదే గొంతు: "అమ్మా, కండె అయిపోయింది."

ఆమె కత్తిని ఇసుకలో గుచ్చేసింది.

"బిడ్డ ముడేసింది కోసేదానికి కాదు. నేను గుర్తడగలా, కష్టానికి బాగం అడిగినాను. ఎనిమిది ముక్కలు కలిపి కుట్టిన వల ఇది. కుట్టిప్పితే నాలుగు ఆయనకు, నాలుగు నాకు. పంచిందాకా నేను పుడక పట్టను."

చిన్నపోలయ్య పట్టుకున్న పుడక రెండో కొస అలాగే ఆమె వైపు చాచి ఉంది.