నుదుటి తడి

గోదావరి గాలికి నుదురు చల్లబడింది.

వేలికొసంత తడి. కుంకుమ తడి. రెండు కనుబొమల నడుమ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏమీ అంటని చోట…

తబిత కదల్లేదు.

బాసర గుడి మెట్ల కింద నిలబడి ఉంది — ఒక చేతిలో బాలవ్వ సంచి, ఇంకో చేతిలో చెప్పులు. లోపలికి పోలేదు. పోనని ముందే చెప్పింది. బాలవ్వ కూడా రమ్మని అడగలేదు.

బాలవ్వది చొప్పదండిలో పక్కిల్లే. కొడుకు రంజిత్ దుబాయ్‌లో, కోడలు పురిటికి పుట్టింట్లో. ముసలాయన గంగయ్యకు మోకాళ్ళు లేవవు. మనుమరాలు సృజనకు అక్షరాలు దిద్దించాలి. చూపు ఆనని మనిషి పసిపిల్లను పట్టుకొని అంత దూరం ఎట్లా పోతుంది? అంగన్‌వాడీలో ఆ పిల్లకు రోజూ ముద్దలు కలిపి పెట్టేది తబితే. తోడు రావడానికి ఇంకో కారణం కావాలా?

అక్షరాలు దిద్దించిన సంబరంతో ముసలావిడ మెట్లు దిగింది. వేళ్ళ నిండా కుంకుమ. ఎదురైన ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. తబిత దగ్గరికి వచ్చేసరికి ఈమె దేవుడెవరో, తన దేవుడెవరో ఆమెకు గుర్తు లేదు. చెయ్యెత్తింది.

అందలేదు. తబిత పొడగరి.

చెయ్యి గాల్లో ఆగింది…

తబిత తల వంచింది.

ఎందుకు వంచావంటే ఏం చెబుతుంది? గాల్లో ఆగిన ఆ చెయ్యిని చూడలేకపోయింది. అంతే.

వెంటనే తుడుచుకోవచ్చు. కానీ ముత్తైదువ నుదుటి బొట్టు కళ్ళెదుటే చెరిపితే బాలవ్వ ప్రాణం విలవిల్లాడుతుంది. ఆమె నమ్మకంలో అది తబిత మొగుడికి చేటు. ఆ మొగుడు దూరపు లారీ మీద ఏ ఘాట్‌రోడ్డులో ఉన్నాడో. అందుకే తిరుగు బస్సులో ముసలావిడ కునుకు తీసేదాకా ఆగింది. అప్పుడు కొంగుతో తుడుచుకుంది. ఎర్రదనం పోయింది.

చల్లదనం పోలేదు.

మెట్ల కింద ఎవరి చేతనో ముగ్గురికీ తీయించిన ఫోటో అప్పటికే రంజిత్‌కు చేరింది. బిడ్డను చూసుకొని మురిసిపోయి స్టేటస్‌లో పెట్టుకున్నాడు. అదే గదిలో ఉండే, తబిత వాళ్ళ చర్చి సంఘపు మనిషి ఒకడు చూశాడు. చొప్పదండిలో ఒక గోడ దాటని ముచ్చట సముద్రం దాటి పోయింది. సముద్రం దాటి తిరిగొచ్చింది.

పొద్దున ఫోన్ తెరిస్తే సంఘం గ్రూపులో తబిత బొమ్మ. నుదుటి మీద బొట్టు.

కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఒక్కరంటే ఒక్కరు. రోజూ ఉదయాన్నే వందనాలు చెప్పుకునే ఆ గ్రూపు నోరు మూసుకుంది.

తిట్టినా బాగుండేది. తబిత ఫోన్ బోర్లించింది. పొయ్యి ముందే కూలబడింది.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల — సంఘమంతా రొట్టె విరిచి పంచుకునే ఆరాధన. ఆ బల్లకు రొట్టె తబిత చేతిదే. ఉప్పు వేయని రొట్టె, పులియని పిండి. మంచి సాక్ష్యం, అంటే మచ్చలేని నడత ఉన్న ఆడమనిషే ఆ పిండి తడపాలి — ఆ సంఘం కట్టుబాటు అది. అత్త చేసేది. అత్త పోతూ పోతూ జల్లెడ తబిత చేతిలో పెట్టింది. పొలం రాయకపోయినా, నగలు పెట్టకపోయినా, అంతకంటే పెద్ద ఆస్తి ఇచ్చాననే అనుకుంది ఆ మహాతల్లి. తబితా అట్లాగే అనుకుంది.

శనివారం సాయంత్రం పిండి జల్లించి ముందర పెట్టుకుంది. ఫోన్ మోగింది. పాస్టరమ్మ.

“ఈసారి రొట్టె పద్మలత చేస్తది లే, తబితా.”

పిండి అట్లాగే ఉంది. తెల్లగా, పొడిగా…

“బాధపడకు. బలవంతంగ పెట్టిన్రు, నాకు ఇష్టం లేకుండె అని రేపు అందరి ముందట సాక్ష్యంల ఒక్క మాట చెప్పు. గంతే. అందరు మరిచిపోతరు.”

తబితకు మాట రాలేదు. అవుననలేదు. కాదనలేదు.

ఆ రాని మాటనే పాస్టరమ్మ అవునని అనుకుంది.

ఆదివారం. తెల్ల చీరలు, తలల మీద కొంగులు. కిటికీలోంచి పత్తిచేల గాలి. తబిత గోడవారగా కూర్చుంది. నలుగురిలో కూర్చున్నా చుట్టూ ఒక జానెడు చాప ఖాళీగా ఉంది.

రొట్టె పళ్ళెం మీద తెల్లగుడ్డ తీసే ముందు పాస్టరయ్య గొంతు సవరించుకున్నాడు. మంచి మనిషి. మంచి మనసుతోనే అన్నాడు.

“మన సహోదరి తబితకు బలవంతంగ బొట్టు పెట్టిన్రు. వద్దు వద్దన్నా ఇనలేదు. ఆమె ఏడ్చుకుంట తుడుసుకున్నది. ఆమె విశ్వాసం కొరకు దేవునికి స్తోత్రం!”

“స్తోత్రం!”

గది మొత్తం ఒక్క గొంతైంది. జానెడు ఖాళీ పూడిపోయింది. పద్మలత జరిగి వచ్చి చెయ్యి నొక్కింది. పోయిన పేరు తిరిగొచ్చింది… ఇంకా కొంచెం ఎక్కువే వచ్చింది.

తబిత నోరు తెరవనే లేదు. ఇంత తేలికా?

సిగ్గేసింది. హాయిగా కూడా అనిపించింది. హాయిగా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక తల తిప్పింది —

గుమ్మం దగ్గర బాలవ్వ.

విడిచిన చెప్పుల పక్కన గోడకు ఒరిగి కూర్చుంది. తన వల్ల తబిత చేతి రొట్టె ఆగిందని ఎవరో చెప్పి ఉంటారు. పాస్టరయ్యను బతిమాలుకుందామని వచ్చినట్టుంది. బతిమాలకముందే ఆ మాట చెవిన పడింది.

ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే తబిత తట్టుకునేది. నిజంగానే బలవంతం చేశానా అని ముసలావిడ తనలో తాను వెతుక్కుంటోంది. వద్దన్నదా? నాకే వినబడలేదా?… పెదవులు కదులుతున్నాయి. చూపు ఆనని కళ్ళు నేల మీద ఏదో తడుముతున్నాయి.

తబిత లేచింది. తను లేచిందని లేచాకే తెలిసింది.

“అయ్యగారూ… బలవంతం గాదు.”

ఫ్యాను తిరుగుతోంది.

“ఆమెకు అందలే. నేనే తల వంచిన.”

పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది. పద్మలత చెయ్యి జారిపోయింది.

“కూసో, తబితా.” పాస్టరయ్య గొంతు సన్నబడింది. “తర్వాత మాట్లాడుకుందం.”

“గా ముసలామె మీద నింద ఏసి నేనెట్ల రొట్టె ముట్టాలె, అయ్యగారూ?”

పళ్ళెం పట్టుకొని వరుసల్లోకి వస్తున్న సంఘపెద్ద రాజయ్య అక్కడే ఆగిపోయాడు. తబిత వైపు చూశాడు. పాస్టరయ్య వైపు చూశాడు. పాస్టరయ్య బైబిల్ వైపు చూశాడు.

ఎవరూ స్తోత్రం అనలేదు.

గుమ్మం దగ్గర అలికిడి. బాలవ్వ లేచింది. గోడ తడుముకుంటూ, మనుషుల భుజాలు తడుముకుంటూ, తెల్ల చీరల నడుమ నుంచి వచ్చింది. కొంగు చివర పిడికిట్లో ఉంది. కళ్ళు ఒత్తుకొని ఒత్తుకొని అది తడిసిపోయి ఉంది.

“ఆగు బిడ్డా. నేనే పెట్టిన గద. నేనే తుడుస్త.”

“పెద్దవ్వా… అక్కడేం లేదే!”

“ఉన్నదంటున్రు గద, బిడ్డా. గింతమందికి కనవడుతుంది గద.”

బతుకులో ఏ ఆడదాని నుదుటి బొట్టూ చెరపని చెయ్యి అది. బాలవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంది. నోటిలో ఏదో గొణుగుతోంది — ఎక్కడో లారీ మీద ఉన్న తబిత మొగుడు చల్లగా ఉండాలని, పాపమేదన్నా ఉంటే తనకే తగలాలని.

చెయ్యెత్తింది.

అందలేదు.

చెయ్యి గాల్లో ఆగింది… రాజయ్య చేతిలో పళ్ళెం ఆగింది.

తబిత తల వంచింది.

కిటికీలోంచి గాలి వీచింది. ఏమీ లేని నుదుటి మీద తడి కొంగు చల్లగా ఆనింది.