పడవవాడి తరఫున

స్టెల్లా టీచర్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. సిలబస్ చూస్తే సగం కూడా అవలేదు, పక్క క్లాసు మాస్టారు ఇప్పటికే గోడ మీద దబదబా బాదేరు, ఏడో తరగతేమో రాజోలు చేపల మార్కెట్‌లా ఉంది. కోరి తెచ్చుకున్న తంటా! వరదలో ఆఖరి ట్రిప్పు వెయ్యనన్న పడవవాడి కథ చదివి వినిపించి, "అతను చేసింది తప్పంటారా?" అని అడిగింది మరి.

"పిరికోడండీ! జనాన్ని ఒడ్డు మీదే వదిలేసేడు," అన్నాడు జీవన్.

"ఆయ్, పిరికోడేనండి!" అంది వెనక బెంచీ మొత్తం.

"కథలో అలా లేదు!"

అరిచింది సాయిదుర్గ. వాళ్ల నాన్న పడవ నడుపుతాడు. చదవమంటే చాలు, గొంతు నొప్పని కూలబడే పిల్ల, ఒక్క ఊపున వచ్చి టీచర్ చేతిలోంచి పుస్తకం లాక్కుంది. అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొదలెట్టింది.

"పడ...వకి చిల్లు... పడిందని... అతను ఎవరి...కీ... చెప్ప...లే..."

"ఏంటండీ ఈ గోల?" గుమ్మంలో హెడ్మాస్టరు గారు!

స్టెల్లా గబగబా గుమ్మం వైపు నడిచింది. సాయిదుర్గ మాత్రం తలెత్తలేదు, వేలు తియ్యలేదు.

"ఉండండి సార్. చదువుతున్నాను కదా!"