ఒక రోజు వెనకాల

బకెట్లో పిండి కాస్త పల్చనైంది. ఆమె సంచిలోంచి ఇంకో గుప్పెడు పొడి తీసి చల్లి, మళ్లీ కలిపింది. రెండు వేళ్లతో ఎత్తి చూస్తే జారకుండా నిలబడింది. అలా నిలబడితేనే టైళ్ల మధ్య సందులో అడుగుదాకా దిగి గట్టిపడుతుంది. పల్చటిది పూస్తే ఆరు నెలల్లో చిట్లి, ఊడ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా చీపురు వెంట వచ్చేస్తుంది.

నాలుగో అంతస్తులో, తలుపులింకా బిగించని ఇల్లు. హాల్లో పెద్ద పెద్ద తెల్ల టైళ్లు, వంటగదిలో బూడిదరంగువి, రెండు స్నానాల గదుల్లో కాలు జారని గరుకువి. లోపలి పడగ్గదిలో మాత్రం చెక్క పలకలు పరిచారు. వాటికి ఆమె చేసే పనేం లేదు. మోకాళ్ల కింద నాలుగు మడతల గోనెపట్టా వేసుకుని, కిటికీ వైపు మూల నుంచి మొదలుపెట్టింది. ఎడమచేత్తో పిండి వేస్తూ కుడిచేతి రబ్బరు పలకను ఏటవాలుగా లాగుతుంది. పలక వెళ్లిన దారంతా సందు నిండి, ఎక్కువైంది పైకి తేలుతుంది. కాసేపాగి, పిండి చెప్పిన మాట వినే వేళకి తడి స్పాంజితో తుడుస్తుంది. తొందరపడితే లేచొస్తుంది, ఆలస్యమైతే రాయైపోతుంది.

యాభై రెండేళ్ల మనిషి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సగానికి అరిగి మళ్లీ పూర్తిగా పెరగలేదు. మోకాళ్ల మీద చర్మం మొద్దుబారి, దోమ కుట్టినా తెలియదు. టైళ్ల జాయింట్లు నింపుతుంది కాబట్టి పనిచేసే చోట అందరికీ ఆమె జాయింట్లక్క. ప్లంబరుకీ అక్కే, కరెంటు పనివాడికీ అక్కే, తనకంటే పదేళ్లు పెద్దవాడైన రంగులతనికి కూడా అక్కే.

టైళ్ల మేస్త్రి ఒక్కడే ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు. పదిహేడేళ్లలో అక్కా అనలేదు, చెల్లెమ్మా అనలేదు, ఉత్త అమ్మా అని కూడా అనలేదు. పిలవాల్సి వస్తే "ఇదిగో" అనేవాడు. లేదంటే చిన్నగా దగ్గేవాడు. ఆమె కూడా మిగతా మగవాళ్లందర్నీ అన్నా అన్నా అని నోరారా పిలిచేది, ఆయన దగ్గరికొచ్చేసరికి మేస్త్రిగారూ అని ఆగిపోయేది.

అసలు పిలుచుకునే అవసరమే తక్కువ. టైలు పరిచాక ఒక రోజు దాని మీద కాలు పెట్టకూడదు. ఆయన లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, పరుచుకుంటూ వెనక్కి జరుగుతూ, చివరికి గుమ్మంలోంచి బయటికి అడుగేసి వెళ్లిపోతాడు. మర్నాడు ఆమె అదే గుమ్మంలోంచి లోపలికి అడుగేస్తుంది. అప్పటికి ఆయన ఇంకో వీధిలో, ఇంకో ఇంట్లో ఉంటాడు. పదిహేడేళ్లుగా ఆమె ఆయనకి ఒక రోజు వెనకాలే నడుస్తోంది.

అందుకని చెప్పాల్సినవి ఆయన టైళ్ల మీదే పెన్సిలుతో రాసిపెట్టేవాడు. "ఇది ఇంకా కదుల్తోంది, ఎల్లుండి నింపు." "ఇక్కడ సందు సన్నం, జాగ్రత్త." ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. గుండ్రటి ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుని కూడబలుక్కునేది. మొదట్లో అన్నీ పని మాటలే. పోగా పోగా వేరేవి వచ్చాయి. "ఈ ఇంట్లో నీళ్లు ఉప్పన. తాగకు." "కిటికీ వైపు ఎండ. అది పొద్దున్నే కానియ్." ఒకసారి ఆమె జ్వరంతో నాలుగు రోజులు రాలేకపోయి, ఐదో రోజు వస్తే గుమ్మం ముందు టైలు మీద ఉంది: "నిన్నటి ఇంట్లో ఇంకొకామె చేసింది. సందులు చూస్తే ఏడుపొచ్చింది." ఆ రోజంతా ఆమె తనలో తనే నవ్వుకుంది. ఏం రాసినా సాయంత్రానికి తుడిచెయ్యాల్సిందే. ఇల్లుగలవాళ్లు వచ్చేసరికి నేల మీద ఏ గీతా కనపడకూడదు.

మూడేళ్ల కిందట, ఆయన భార్య పోయిన ఏడాదికి, ఒక ఇంటి వంటగదిలో పొయ్యిబల్ల కింద, ఎవరూ వంగి చూడని మూలన రాశాడు. "ఒక్కడినే తింటున్నా. నువ్వూ ఒక్కదానివే కదా."

రెండుసార్లు చదివింది. వంటగదంతా ముగించి, ఆ టైలును మాత్రం చివరికి ఉంచుకుంది. అప్పుడు కూతురికి ఏడో నెల. అల్లుడి తరఫువాళ్లు నోరున్న మనుషులు. ముప్పై ఏళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని, ఎవరిచేతా మాట పడకుండా పిల్లను పెంచుకొచ్చింది. నలుగురూ అనబోయే మాటలు ఆమెకు అక్కడ కూర్చునుండగానే వినిపించాయి. స్పాంజి తడిపి తుడిచేసింది. రెండు రోజుల తర్వాత మెట్ల మీద ఆయన ఎదురుపడితే తల వంచుకుని పక్కనుంచి దిగిపోయింది. ఆ తర్వాతి ఇంట్లో గుమ్మం దగ్గర "ఈ టైలు కింద బోలు. గట్టిగా నొక్కకు" అని మాత్రం ఉంది. మళ్లీ ఆయన అడగలేదు. రాయడం మానలేదు.

ఇప్పుడు మనవడు గోడ పట్టుకోకుండా పరిగెత్తుతున్నాడు. కిందటి ఆదివారం కూతురే అంది, ఆమె తల దువ్వుతూ, "అమ్మా, ఎన్నాళ్లని ఆ గదిలో గోడలు చూసుకుంటూ కూర్చుంటావే? ఆ మేస్త్రిగారి మాట ఎత్తితే నీ గొంతే మారిపోతుంది, నాకు తెలీదనుకున్నావా?" ఆమె దువ్వెన లాక్కుని కూతురి నెత్తిన ఒకటి వేసింది. అప్పటి నుంచీ ఆ మాటే తిరుగుతోంది.

ఇవాళ పొద్దున గుమ్మం ముందు టైలు మీద, నిన్న వెళ్తూ ఆయన రాసింది ఉంది: "బాల్కనీ మిగిలింది. రేపు మధ్యాహ్నం వస్తా. ఉంటావుగా."

మామూలుగా అయితే హాలు పదకొండుకల్లా అయిపోవాలి. ఇలాంటి పనిలో ఆమె చెయ్యి ఎంత చురుకో అందరికీ తెలుసు. ఇవాళ ఒక్కో సందునీ రెండుసార్లు చూసుకుంది. పిండి కొంచెం కొంచెంగా కలిపింది. కలుపుతూ, చూసేవాళ్లు లేరు కదా అని, పైకే అని చూసుకుంది. "మేస్త్రిగారూ, నేనూ ఒక్కదాన్నేనండి." బాగాలేదు. "మేస్త్రిగారూ, మీరు అప్పుడెప్పుడో అడిగారు కదా."

"ఎవరితోనమ్మా మాటలు?"

ఇల్లుగలావిడ. భుజాన సంచి, చేతిలో చెప్పులు. స్కూలు నుంచి భోజనం వేళకి సొంతిల్లు చూసుకోవడానికి పరిగెత్తుకొచ్చినట్టుంది.

"టైళ్లతోనండి. పలకరించకపోతే అలుగుతాయి." ఆమె చెవులు వేడెక్కాయి. "అక్కడే ఆగండి, లోపలికి రాకండి. ఆ అట్టముక్క మీద నిలబడండి."

ఆవిడ నవ్వుతూ అట్ట మీద నిలబడింది. మెడ చాచి గది నాలుగు వైపులా చూసింది. "తర్వాత వీటిని ఎలా చూసుకోవాలో చెప్పవూ. మా అత్తగారు వారానికోసారి యాసిడ్ పోసి కడగాలంటున్నారు."

"యాసిడ్ పోస్తే నేను పడ్డ కష్టమంతా తినేస్తుందండి. గోరువెచ్చటి నీళ్లలో చారెడు సబ్బు, అంతే. ఆ చెక్క గదిలో మాత్రం నీళ్లు గుమ్మరించకండి. బాగా పిండిన గుడ్డతో తుడవండి, లేకపోతే పలకలు ఉబ్బి అంచులు లేస్తాయి."

"ఆ గోడ వంకరగా ఉందని నేను ఎంత గొడవ చేశానో. ఇప్పుడు ఎక్కడ వంకరో నాకే కనపడట్లేదు. టైళ్లు వేసినాయన్ని ఒకసారి చూడాలి."

"మధ్యాహ్నం వస్తారండి."

"మీ ఆయనేనా?"

చేతిలో రబ్బరు పలక ఆగింది. కాదండి అనడానికి క్షణం పట్టదు.

"వస్తారండి" అంది మళ్లీ, తలెత్తకుండా.

ఇల్లుగలావిడ వెళ్లాక చాలాసేపు ఆమె అదే సందును తుడుస్తూ కూర్చుంది. ఒంటిగంటకి గ్లౌజులు తీసి, స్నానాల గది కొళాయి కింద మొహం కడుక్కుంది. గోడకి ఆనించి ఉన్న టైలు మెరుపులో చూసుకుంటూ జుట్టు సర్దుకుంది. చెంపల దగ్గర నెరిసిన జుట్టంతా పిండి మరకలా ఉంది, కొంత నిజంగానే పిండి. అన్నం డబ్బా విప్పలేదు. ఆయన వచ్చాకే తిందామనుకుంది.

రెండైంది. మెట్ల మీద అడుగులు వినిపించి లేచి నిలబడింది. పైవాటాకి నీళ్ల డబ్బా మోసుకెళ్తున్న మనిషి. "ఏంటక్కా ఇంకా అవలేదా, ఇవాళ నిద్దరోతున్నావా?" అంటూ ఎక్కిపోయాడు. ఈలోగా వంటగదీ, స్నానాల గదులు రెండూ నింపేసింది. హాల్లో గుమ్మం ముందర నాలుగు వరసలు మిగిలాయి.

మూడింటికి కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

"అక్కా, బాల్కనీకి రేపు ఇంకొకతన్ని పంపిస్తున్నా. ఆ పెట్టెలు ఎవరూ కదపకుండా చూడు."

"మేస్త్రిగారు వస్తానన్నారుగా అన్నా."

"నీకెవరూ చెప్పలేదా? పొద్దున పోయాడక్కా. పనికి బయల్దేరుతూ మంచినీళ్లు అడిగాడంట. పక్కవాటాలో ఉండే తమ్ముడు గ్లాసు తెచ్చేసరికి కుర్చీలోనే ఒరిగి ఉన్నాడు. నిద్దరనుకున్నారంట."

ఆమె గోడకి చెయ్యి ఆనించింది.

"ఎప్పుడు తీసుకెళ్తారన్నా?"

"అంతా అయిపోయింది, ఒంటిగంటకే. నేను అక్కణ్ణుంచే వస్తున్నా." "మంచి మనిషి. హాలు అయిందా?"

"కొంచెం ఉంది."

"సాయంత్రంలోగా అవగొట్టు. రేపు తలుపులవాళ్లు వస్తారు."

"అలాగే అన్నా."

ఫోన్ గోనెపట్టా మీద పెట్టింది. ఒంటిగంటకి తను మొహం కడుక్కుంటోంది. ముందే తెలిసి వెళ్లినా అక్కడ ఎవరని నిలబడేది? మీరేమవుతారని వాళ్ల తమ్ముడు అడిగితే చెప్పడానికి ఒక వరసైనా లేదు. ఆయన పెట్టలేదు, తను పెట్టలేదు. ఇన్నేళ్లూ ఇద్దరూ జాగ్రత్తగా ఖాళీగా ఉంచుకున్న చోటు అది.

బకెట్లో పిండి బిగుసుకోవడం మొదలుపెట్టింది. కలిపాక అది ఎవరి కోసమూ ఆగదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తీసి పూసింది. ఒక వరస, రెండో వరస. ఏడుపు రాలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, పలక కోణం కూడా తప్పలేదు. గుమ్మం ముందు టైలు దగ్గరికి వచ్చి, నాలుగు వైపులా సందులు నింపి, కాసేపు ఆగింది. ఆగాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే ఆగింది. పిండి అంచులు తెల్లబడుతున్నాయి. స్పాంజి ముంచి, నీళ్లు పిండేసి, "ఉంటావుగా" అన్న మాట దగ్గర నుంచి మొదలుపెట్టి వెనక్కి తుడిచింది. టైలు మిగతా టైళ్లలాగే అయింది.

లేచేటప్పుడు మోకాళ్లు పట్టేశాయి. గోడ పట్టుకుని నిలబడి, నడుం సాగదీసి, సామానంతా సర్దింది. స్నానాల గదుల్లోకి ఇక అడుగు పెట్టకూడదు. బకెట్ కడగాలంటే బాల్కనీ కొళాయి ఒక్కటే ఉంది. హాల్లో పొద్దున నింపి ఆరిన వైపుగా, చెక్క గదిలోంచి చెప్పుల్లేకుండా నడిచి, అడ్డంగా పెట్టిన ప్లైవుడ్ ముక్క జరిపి, బయటికి వచ్చింది.

బాల్కనీలో ఇంకా ఉత్త సిమెంటు నేలే. ఒక మూల టైళ్ల పెట్టెలు, నీళ్లు చల్లి కప్పిన ఇసుక. కిటికీ ఊచకీ పిట్టగోడ కమ్మీకీ మధ్య కట్టిన తీగ మీద ఒక చొక్కా ఆరేసి ఉంది. నిన్న హాలు మొదలుపెట్టకముందు మేస్త్రిగారు కొళాయి దగ్గర ఉతుక్కుని, వేరేది తొడుక్కుని, ఇవాళ పనిలోకి వేసుకుందామని వదిలినట్టుంది. రేపు వచ్చే మనిషి దాంతో తాపీ తుడుచుకుంటాడు.

ఆమె బకెట్ కింద పెట్టి చేతులు కడుక్కుంది. తడి చేతులు చీరకి తుడుచుకుని దగ్గరికెళ్లింది. పొద్దుటి నుంచి ఎండలో ఉండి చొక్కా పూర్తిగా ఎండిపోయింది. గాలికి ఎగిరిపోకుండా రెండు భుజాల దగ్గరా సన్నటి ఇనపతీగ మెలేసి ఉంది. లేత నీలం గుడ్డ, చేతుల అంచుల్లో ఎన్ని ఉతుకులకీ వదలని సిమెంటు చారలు. పైనుంచి రెండో గుండీ మిగతావాటికంటే పెద్దది. కుట్టడం చేతకానివాడు తనే ఓపిగ్గా కూర్చుని కుట్టుకున్నట్టు, నల్లదారంతో అటొకటీ ఇటొకటీగా పడిన కుట్లతో గట్టిగా బిగించి ఉంది.