సుద్దగీత

వెనక వరసలో కూర్చునే అమ్మాయి మోకాళ్ల మీద వంగి బొమ్మలకి మోడల్‌గా కూర్చునే తాత పాదాల చుట్టూ సుద్దగీత గీస్తోంది. విరామం తర్వాత ఆయన మళ్లీ అదే చోట పాదాలు పెట్టాలి. లేకపోతే బొమ్మ ఒకలా, మనిషి ఇంకోలా అయిపోతారు.

"కితకితలు పెడతావేంటే?"

"మోడల్ నవ్వకూడదు తాతా."

ఆఖరున కుర్చీ చేతిచెక్క మీద పెట్టిన ఎడమచేతి అయిదు వేళ్ల చుట్టూ గీసింది.

పందొమ్మిదేళ్ల కిందట ఈ చిత్రకళా కళాశాలకి కిటికీ అద్దాలు బిగించడానికి వచ్చాడాయన. అప్పటి మాస్టారు "కాస్త అలాగే ఉండవయ్యా" అన్నాడు. ఉండిపోయాడు. ఇంటావిడకి మాత్రం ఇప్పటికీ నమ్మకం లేదు. "ఇంట్లో తిండి తినేటప్పుడైనా కుదురుగా కూచోవు. అక్కడ కూచుంటే జీతమిస్తారా?" అంటుంది.

కిందటి వారం క్లాసు చెప్పే మేడమ్ మర్యాదగానే చెప్పింది. "పెద్దాయనా, చెయ్యి వణుకుతోంది. ఇది పరీక్ష బొమ్మ. సోమవారానికీ తగ్గకపోతే వేరే మనిషిని చూసుకోవాలి."

"చలికమ్మా" అన్నాడు. తల మీద ఫ్యాను ఫుల్లులో తిరుగుతోంది, ఉక్క మాత్రం తగ్గలేదు.

ఇవాళ సోమవారం. మొదటి గంటంతా ఎదుటి గోడ మీద పెచ్చూడిన చోటునే చూశాడు. చెయ్యి మాట విన్నట్టే అనిపించింది.

ఆయన బొమ్మల వైపు ఎప్పుడూ చూడడు. తన మొహం తనకి తెలిసిందేగా. ఈ విరామంలో మాత్రం చూశాడు. పద్నాలుగు బొమ్మలు. మొహం బాగానే కుదిరింది, చెవుల విషయంలో ఒకడు కాస్త ధారాళంగా ఉన్నాడు. ఎడమచెయ్యి మాత్రం ఒక్కరిదీ పూర్తి కాలేదు. చెరిపి చెరిపి కాగితం నూగు లేచింది. వెనక వరస అమ్మాయిది చిరిగింది కూడా.

"అదొక్కటే రావట్లేదు తాతా" అంది, తప్పు తనదే అన్నట్టు.

"నీదేం లేదులే. అది నా మాటే వినట్లేదు." అమ్మాయి చేతి వైపు చూశాడు. "నీ చెయ్యి చూసుకుని వేసెయ్. ముడతలు నావి కలుపుకో."

తలుపు దగ్గర మేడమ్ నోరు తెరవబోయింది.

"ఈ గంట కూర్చుంటానమ్మా. రేపట్నుంచి ఎవరినైనా చూసుకోండి."

మళ్లీ వెళ్లి గీతల్లో పాదాలు పెట్టాడు. గంట మోగాక చెప్పులేసుకుని, రోజూలాగే "వస్తా" అని వెళ్లిపోయాడు. పిల్లలు ఎవరి చెయ్యి వాళ్లు చూసుకుంటూ గీస్తున్నారు. ఒకరిద్దరు తలూపారు.

నేల మీద రెండు పాదాల గీతలూ చెక్కుచెదరలేదు. కుర్చీ చేతిచెక్క మీద, అయిదు వేళ్ల గీతలుండాల్సిన చోట, తెల్లటి మరక మాత్రం ఉంది.