నాపరాయి సభ్యుల పట్టిక

నానబెట్టిన బొరుగులను గుప్పిట్లోకి తీసుకుని అమూల్య నీళ్ళు పిండుతూ ఉండగా, వంటింటి గడప మీద నిలబడి ఆమె భర్త విష్ణుతేజ అన్నాడు: "బ్యాండు చరిత్ర నువ్వే రాసెయ్. ఎవడెప్పుడొచ్చినాడో, ఎవడెప్పుడు పోయినాడో నీకైతేనే గుర్తుంటాది."

ఆదివారం ఉదయం అది. మేడ మీద గదిలో సాధన మొదలు కావడానికి ఇంకా గంట ఉంది. ఐదుగురు మగవాళ్ళకు ఉగ్గాని, బజ్జీలు, రెండు విడతల టీ. వాళ్ళ చప్పుడు వీధిలోకి పోకుండా గోడలకు ఆనించవలసిన పరుపులను అమూల్య ఆరింటికే ఆనించి వచ్చింది. సాధన ముగిశాక వాటిని దించి మంచాల మీదికి చేర్చేదీ ఆమే. పదిహేడేళ్ళుగా ప్రతి ఆదివారమూ ఆ ఇంటి పరుపులు పొద్దున్న నిలబడి, మధ్యాహ్నానికి పడుకుంటాయి. వాటిని నిలబెట్టేదెవరా అని మేడ మీద గిటారు మోగించే ఏ ఒక్కరికీ ఎన్నడూ సందేహం రాలేదు.

"సాయంత్రానికి ప్రెస్సుకు పంపాల," అని విష్ణుతేజ ఒక బజ్జీ నోట్లో వేసుకుని మెట్లెక్కాడు.

బ్యాండు పేరు నాపరాయి. రెండు వేల ఆరులో, పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతూ నలుగురు పెట్టుకున్న హార్డ్ రాక్ బ్యాండు. ఇళ్ళల్లో నేలకు పరిచే నల్లరాయి పేరు తమ సంగీతానికి పెట్టుకోవడం వాళ్ళకు అప్పట్లో గొప్ప తెగింపుగా తోచింది. చదువు ముగిశాక అది విష్ణుతేజతో పాటు ప్రొద్దుటూరుకు, ఈ ఇంటి మేడ మీదికి వచ్చింది. వచ్చే ఆదివారం జమ్మలమడుగులో కల్యాణ మండపం తీసుకుని ఇరవయ్యేళ్ళ పండుగ చేస్తున్నారు. వచ్చినవాళ్ళకు పంచే చిన్న పుస్తకంలో బ్యాండు చరిత్ర, దాని చివర సభ్యుల పట్టిక ఉండాలి. పేరు, వాయిద్యం, చేరిన ఏడాది, వదిలిన ఏడాది: నాలుగు గడులు.

అమూల్య ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. నిర్వచనం ఇవ్వకుండా సమితిని రాయకూడదని ఏటా రెండు వందల మంది పిల్లలకు చెబుతుంది. ఉగ్గాని తాలింపు వేసి, స్టవ్వు కట్టేసి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాక ఆమెకు తోచిన మొదటి ప్రశ్న అదే. సభ్యుడంటే ఎవరు? ఆమె లెక్కకు పదిహేడు మంది తేలారు. మొదటి డ్రమ్మర్ బాషా, కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. వీరపునాయునిపల్లె నుంచి వచ్చిన గిటారిస్టు ఒకడు మైదుకూరులో ఒకే ఒక్క ప్రదర్శనలో కనిపించి, రెండో పాటలో తీగ తెగగానే వేదిక దిగి, మళ్ళీ ముఖం చూపించలేదు. అతనూ సభ్యుడే. పులివెందుల గాయకుడు అసలు పాడనే లేదు. పోస్టరు మీద అతని బొమ్మ వేశారు, ఆ రోజు వాన పడి కార్యక్రమం ఆగిపోయింది, ఆ తర్వాత అతను పోలీసు ఉద్యోగానికి వెళ్ళాడు. అతని పేరు మరిచిపోవద్దని విష్ణుతేజ నిన్ననే ప్రత్యేకంగా చెప్పాడు. పెళ్ళి కారణంగా బ్యాండు వదిలినవాళ్ళు నలుగురు. ఇంట్లో ఒప్పుకోలేదని, భార్యకు నచ్చలేదని. పెళ్ళి కారణంగా బ్యాండులోకి వచ్చిపడినది తానొక్కతే అని ఆమెకు తట్టింది. తట్టిన వెంటనే, వచ్చిపడ్డానా, నిజంగా వచ్చానా, అన్న సందేహం కూడా తట్టింది.

మూడో వరుసలో అద్నాన్ పేరు కొట్టింది. బేస్ గిటారు. చేరింది రెండు వేల ఆరు. వదిలింది దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

నాపరాయికి పేరు తెచ్చింది రెండు వేల పదకొండులో ఇదే మేడ మీద రికార్డు చేసిన ఐదు పాటల సీడీ. అందులో మూడో పాట మధ్యలో మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయి బేసు ఒక్కటే మిగిలే చోటు ఒకటి ఉంది. ఒక స్వరం మీద నిలిచి, తీగ లాగగా మూలుగుతూ పై స్వరాన్ని అందుకుని, అక్కడ వణికి, మెల్లగా వెనక్కి వస్తుంది. అభిమానులు దానికి అద్నాన్ లాగుడు అని పేరు పెట్టుకున్నారు. దానికొక కథ ఉంది. కువైట్ విమానం ఎక్కే రోజు పొద్దున, కట్టిన పెట్టెలు కింద వాకిట్లో పెట్టి, అద్నాన్ మేడెక్కి ఐదు పాటలూ ఒక్క ఊపున వాయించి, చెయ్యి తుడుచుకుని ఆటో ఎక్కాడు. విష్ణుతేజ ప్రతి వేదిక మీదా ఆ కథ చెబుతాడు. జనం ఈలలు వేస్తారు. ఫోను చేసి అడిగిన విలేకరులకు అమూల్య కూడా అదే కథ చెప్పింది. ఒకసారి కాదు, లెక్కపెట్టలేనన్ని సార్లు.

ఇప్పుడు ఆ పొద్దుటిని గుర్తు చేసుకుంటే ఆమెకు కుర్చీలో అద్నాన్ కనిపించాడు. అతని చేతికి టీ గ్లాసు అందించిన సంగతి కూడా గుర్తొచ్చింది. గ్లాసు వేడి వేళ్ళకు తెలిసింది. చిక్కేమిటంటే, అద్నాన్ అంతకు నాలుగు రోజుల ముందే వెళ్ళిపోయాడు. వీసా అనుకున్నదానికన్నా ముందు వచ్చింది. సీడీ కవర్లు అప్పటికే అతని పేరుతో అచ్చయి ఉన్నాయి. అతను వదిలి వెళ్ళిన బేసు గిటారును ఒడిలో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు?

అమూల్యది జమ్మలమడుగు. పన్నెండేళ్ళు వీణ నేర్చుకుంది. పెళ్ళయి వచ్చినప్పుడు, ఇంట్లో ఒక చప్పుడు చాలదా అని అత్తగారు పద్మావతమ్మ అనడంతో వీణ పుట్టింట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు మేడ మీద మూలకు ఆనించిన అద్నాన్ బేసును తీసి, నాలుగు తీగలే కదా అని వాయించుకునేది. రెండేళ్ళు వాయించుకుంది. రికార్డింగు ఆగిపోతుందన్నప్పుడు విష్ణుతేజే కిందికి వచ్చి, తడి చేతులు తుడుచుకోమని చెప్పి, పైకి తీసుకుపోయాడు. ఇది కూడా ఆమెకు స్పష్టంగానే గుర్తుంది. మరి అద్నాన్‌కు టీ ఇచ్చిన గుర్తు ఎక్కడి నుంచి వచ్చింది? రెండు జ్ఞాపకాలూ ఒకే వెలుతురులో, ఒకే కుర్చీ చుట్టూ నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని నిజమని పట్టుకోబోతే రెండోది పట్టుబడుతోంది.

పేరు సంగతి అప్పట్లో ఒకసారి అడిగింది. అది మాత్రం బాగా గుర్తు. కవర్లు అచ్చయిపోయినాయి కదా అన్నాడు విష్ణుతేజ. పద్మావతమ్మ అయితే ఆశ్చర్యపోయింది. "ఇంట్లో చేసినదానికి పేరేందమ్మా? నలభై ఏండ్లు ఈ గిన్నెల్లోనే వండినా. ఏ గిన్నె మీదన్నా నా పేరు ఉందేమో చూడు. అన్నిటి మీదా మీ మామ పేరే." నిజమే. ఆ ఇంట్లో చెంబు నుంచి చేట దాకా ప్రతిదాని మీదా బి. శేషాచలం, తెలుగు పండితులు అని చెక్కి ఉంటుంది. ఆ మాటకు రావలసిన కోపం ఆ రోజు అమూల్యకు రాలేదు. అత్తగారి మాటలో అన్యాయం ఉందో, అన్యాయాన్ని గురించిన ఫిర్యాదు ఉందో తేలక, ఆమె గిన్నె బోర్లించి తోముకుంది.

ఏడాది నిర్ధారించుకోవాలనే సాకుతో అద్నాన్‌కు ఫోను చేసింది. కువైట్‌లో అతను ఏసీలు బాగు చేస్తాడు. ఏడాది చెప్పాడు, పిల్లల సంగతులు చెప్పాడు. తర్వాత ఆమె అడిగింది, మూడో పాటలో ఆ లాగుడు ఎట్లా వాయించావని.

అవతల అద్నాన్ గొంతు తగ్గించాడు.

"వదినా, నన్ను పరీక్ష చేస్తాండావా? అది నేను వాయించలేదు. నాకు రాదు కూడా. ఈడ మనోళ్ళు ఒకసారి వాయించు అంటే, చెయ్యి నొప్పి అని పదైదేండ్ల నుంచి తప్పిచ్చుకుంటాండా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నువ్వే కదా ఆ కత అందరికీ చెప్పేది. వదినకు అట్లుంటేనే ఇష్టమేమోలే అనుకున్యా."

ఫోను పెట్టేశాక ఆమెకు తేలిక అనిపించవలసింది. సాక్షి దొరికాడు. కానీ సాక్షి ఆమె మీదే సాక్ష్యం చెప్పాడు. కథ కల్పించింది భర్త కావచ్చు, దానికి వాకిట్లో పెట్టెలు, ఆటో చేర్చింది తనేనేమో. టీ గ్లాసు సంగతి తప్పకుండా తనదే. తన పని మీద మరొకరి పేరు నిలబడడానికి ఇన్నేళ్ళు చేతులు అడ్డం పెట్టి కాపాడింది ఎందుకు? ఇష్టమా, భయమా, అలవాటా? ఎవరైనా దబాయించి అడిగితే ఏ ఒక్కటీ కాదని చెప్పగలదు. అవునని చెప్పడమూ అంతే సులభం.

ఉగ్గాని పళ్ళేలు పట్టుకుని మేడెక్కేసరికి సాధన ఆగి ఉంది. ఇప్పటి బేసు వాయిద్యగాడు ఉమైర్ తల వంచుకుని మూడో పాటతో కుస్తీ పడుతున్నాడు. ముప్పై ఏళ్ళ ఉమైర్ బంగారం నగల్లో రాళ్ళు పొదుగుతాడు. వెంట్రుకంత సందులో కెంపును కూర్చోబెట్టే ఆ వేళ్ళకు ఈ ఒక్క తీగ లొంగడం లేదు. విష్ణుతేజ పక్కన నిలబడి, ఇంకా పైకి తొయ్, అద్నాన్ అట్లే తోసేవాడు, అని నేర్పుతున్నాడు.

అమూల్య పళ్ళేలు కింద పెట్టి, వీలైనంత మామూలుగా అడిగింది. "పట్టికలో సభ్యుడని ఎవరిని రాయాల?"

"స్టేజీ ఎక్కినోన్ని," అన్నాడు విష్ణుతేజ.

పులివెందుల గాయకుడు ఎక్కలేదు కదా అని ఆమె గుర్తు చేసింది. వానిది వేరే అన్నాడతను.

"సీడీలో బేసు వాయించింది ఎవరు?"

అతను ఆమె వైపు చూశాడు. ఆ చూపులో దొంగతనం కోసం ఆమె వెతికింది. ఒక్క రెప్పపాటైనా తడబాటు దొరికితే ఆమె జీవితం సులువయ్యేది. దొరకలేదు. అతని ముఖంలో నిజమైన అయోమయం ఉంది. "ఏంది నీకు? అద్నాన్ కదా," అన్నాడు. కొంత సేపటికి ఏదో లీలగా గుర్తుకొచ్చినట్టు, మంచితనంగా నవ్వాడు. "నువ్వు కూడా ఏదో కొంచెం సాయం పట్టినట్టుండావు. నేను కాదంటాన్నా? నువ్వు లేకుంటే ఈ బ్యాండే లేదు. ఒక పని చెయ్. చివర్లో కృతజ్ఞతలు అని పెట్టి, నీ పేరు నువ్వే ఒక లైను రాసుకో."

అమూల్య ఉమైర్ ముందు చెయ్యి చాపింది. అతను బేసు ఇచ్చాడు. పరుపుల మధ్య కుర్చీలో కూర్చుని, రెండు మెట్ల శ్రుతి దించి ఉన్న ఆ లావుపాటి తీగ మీద ఎడమ వేళ్ళు ఆనించి, కుడి చేత్తో మీటింది. తీగను లాగింది. స్వరం సగం దూరం వెళ్ళి అక్కడే చచ్చిపోయింది. మళ్ళీ లాగింది. అంతే. వేళ్ళ చివర కాయలు కరిగిపోయి పదేళ్ళు దాటింది. అంట్లకు, సుద్దముక్కకు అలవాటుపడిన చర్మం తీగ కింద కోసుకుపోయి మండింది.

"చూసినావా, అనుకున్నంత సులువు కాదు," అన్నాడు విష్ణుతేజ. వెటకారంగా కాదు, బుజ్జగిస్తూనే అన్నాడు. డ్రమ్ముల దగ్గర ఎవరో నవ్వి, పళ్ళెం అందుకున్నారు.

ఉమైర్ నవ్వలేదు. ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. "వదినా, నువ్వు కిందికి లాగినావే. మేమంతా పైకి తోస్తాండాం." అతను బేసు వెనక్కి తీసుకుని, వీణ మీద లాగినట్టు తీగను కిందికి లాగాడు. స్వరం మూలుగుతూ పైకి లేచి, పూర్తిగా అందుకుని, వణికి, వెనక్కి వచ్చింది. పదిహేనేళ్ళ తర్వాత ఆ గదిలో అది మళ్ళీ వినబడింది.

"అదీ! అద్నాన్ లాగుడు అంటే అదీ," అన్నాడు విష్ణుతేజ, ఉమైర్ భుజం తట్టి.

ఉమైర్ ఆమె వైపు చూశాడు. ఆమె ఏదైనా చెబితే తానూ చెబుతాననే చూపు అది. ఆ ముగ్గురిలో ఎవరు ఎవరికి ఏమి చెప్పాలో ఆమెకు తెలియలేదు. తన స్వరం పక్కవాడి చేతిలో బతికింది, మూడోవాడి పేరు మీద వినబడింది, మొగుడు దాన్ని మెచ్చుకున్నాడు. సంతోషించాలో, ఏడవాలో, కనీసం ఖాళీ పళ్ళేలైనా తీసుకుపోవాలో తెలియక, ఏదీ చేయకుండా కిందికి దిగింది.

పట్టికలో పదిహేడు వరుసలు నింపింది. పులివెందుల గాయకుణ్ణి ఉంచింది. అద్నాన్‌ను ఉంచింది, అతను ఫోనులో చెప్పిన ఏడాదితో. కృతజ్ఞతలు అనే శీర్షిక ఒకసారి కొట్టి, చూసి, తుడిచేసింది. తర్వాత పద్దెనిమిదో వరుస తెరిచింది. అమూల్య. బేస్ గిటారు. చేరిన ఏడాది దగ్గర చాలాసేపు కూర్చుంది. పెళ్ళయిన ఏడాదా? తడి చేతులు తుడుచుకుని మేడెక్కిన ఏడాదా? మొదటిసారి పరుపు గోడకు ఆనించిన రోజా? ప్రతిదీ కొంత నిజం, ఏదీ చాలినంత నిజం కాదు. ఆ గడిని ఖాళీగా వదిలి, పక్క గడి నింపి, ప్రెస్సుకు పంపించింది.

పావుగంటకు ప్రెస్సులో టైపు చేసే ఖమ్రున్నీసా ఫోను చేసింది. ఖమ్రున్నీసా ఒకప్పుడు ఆమె దగ్గర లెక్కలు చదువుకుంది. "మేడమ్, మీ వరసలో చేరింది ఎప్పుడో లేదు. వదిలింది మాత్రం ఈ ఏడాదే అని ఉండాది. పొరపాటేమో అని అడుగుతాండా."

"పొరపాటు కాదు ఖమ్రున్నీసా," అంది అమూల్య. "ఎప్పుడు చేరినానో నాకూ తెలీదు. వదిలింది ఈ పొద్దే. అది మాత్రం తప్పు పడకుండా చూడు."